నీటిలో దింపబడును

జలాశయ విహార భద్రతా విభాగం ఆఫీసరు గారికి,

రేవు వీధి చివరింట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒక పెద్దావిడ నమస్కారాలు. మీరు నన్నెరగరు. ఈ వీధిలో చిన్నా పెద్దా అందరూ నన్ను మిషను పిన్ని అంటారు. మీరూ అలాగే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పోయిన నెల మీ ఆఫీసులో నా పడవకి అనుమతి తీసుకున్నాను. దాంతో పాటు మీ గుమాస్తా నారింజ రంగు లైఫ్ జాకెట్టు ఒకటి చేతిలో పెట్టి, ఇది వేసుకోకుండా నీళ్ళ మీదకి వెళ్తే ఊరుకోం అన్నాడు. మంచిదే, ప్రాణం మీద తీపి ఎవరికి లేదు? కానీ బాబూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, దాన్ని కుట్టిన మహానుభావుడెవరు? జీవితమంతా కొలత టేపు మెడలో వేసుకుని తిరిగినదాన్ని, ఇంత అన్యాయమైన కుట్టు నేనెక్కడా చూడలేదు. భుజం ఒకచోట, మెడ ఇంకోచోట. చంకల్లో ఒరుసుకుపోతోంది. కూర్చుంటే మొత్తం పైకి లేచి నా గడ్డాన్ని మింగేస్తోంది. ముందు ఏముందో కనబడక మొన్న మంచినీళ్ళ పడవని గుద్దబోయాను. భద్రత కోసం ఇచ్చిందే ప్రమాదం తెచ్చిపెడితే ఎలా చెప్పండి?

నా చేతులు ఊరుకోవు కదా, విప్పి చూశాను. లోపల ఏముందో తెలుసుకోకుండా పైన కుట్టు వెయ్యడం నాకు అలవాటు లేదు. గాలి తిత్తో, చిన్న యంత్రమో ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే తెల్లటి ఫోము పలకలు, అంతే. అవి తీసేసి, పక్కలు లోపలికి పట్టి, మెత్తటి లైనింగు వేసి, డాట్లు పెట్టి, ఎడమ పక్క జేబు కుట్టాను. ఇప్పుడు ఒంటికి అతికినట్టుంది. ఆదివారం అది వేసుకునే అవతలి ఒడ్డున ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళొచ్చాను. అక్క కూడా బాగుందంది. ఆవిడ నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు.

మూడు సందేహాలు. దానికి ఈల ఎందుకు కట్టారు? ఆనకట్ట ముందు నారింజ డ్రమ్ములు వరసగా కట్టారు కదా, వాటి అవతల ఏముంది? సాయంత్రమయ్యేసరికి నీళ్ళు రెండు మెట్లు దిగిపోతున్నాయి, ఎటు పోతున్నాయి? తీరికున్నప్పుడు చెప్పండి.

మీ శ్రేయోభిలాషి,
మిషను పిన్ని

తా.క. ఆ తెల్ల పలకలు దాచాను. మీకు పనికొస్తాయంటే పంపుతాను. ఒకదాని మీద మాత్రం మా పిల్లి పడుకుంటోంది.


శ్రీమతి మిషను పిన్ని గారికి,

విషయం: లైఫ్ జాకెట్టులో అనధికార మార్పులు.

పై విషయమై తమరి ఉత్తరం అందినది. అది చదివిన పిమ్మట ఈ కార్యాలయంలో ముగ్గురు కుర్చీల్లోంచి లేచి నిలబడినారని తెలియజేయుచున్నాము.

తమరు తీసివేసిన తెల్లని పలకలే సదరు జాకెట్టు. మిగిలినది సంచి. మనిషి నీటిలో పడినపుడు తేల్చునది ఆ పలకలు మాత్రమే. తమరు గత ఆదివారం సంచి తొడుక్కుని, లోతు తెలియని నీటిని దాటి, తిరిగి కూడా వచ్చినారు. ఇది తమరి అదృష్టమే గాని కుట్టు గొప్పతనం కాదు.

కావున తమరి పడవ అనుమతిని తక్షణం నిలుపుదల చేయడమైనది. మార్పు చేసిన జాకెట్టును, మార్పు చేసినవి ఇతరములు ఏవైనా ఉన్నచో వాటినన్నింటిని, ఈ కార్యాలయమునకు వెంటనే పంపవలెను.

ఇట్లు,
భద్రతాధికారి

తా.క. సందేహములకు సమాధానమిచ్చుట ఈ విభాగం పని కాదు. అయినను చెప్పుచున్నాను. పొగమంచులో పడిపోయిన వారు కనబడరు, అరిస్తే గొంతు త్వరగా పోవును, ఈల పోదు. అందుకని ఈల. పిల్లిని లేపి ఆ పలకను కూడా పంపవలెను.


ఆఫీసరు గారికి,

మిషను పిన్ని నమస్కరించి రాయునది. మీ భాష నాకూ కొంచెం అంటుకుంది చూశారా.

మీ ఉత్తరం చదివాను. కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. ఆ పలకలే జాకెట్టని ఎవరైనా ముందే చెప్పి చావొచ్చు కదా! గుమాస్తా వేసుకోమన్నాడే గాని లోపల ఏముందో చెప్పలేదు. నేను అడగలేదు, నిజమే. అంగడిలో గుడ్డ కొనేటప్పుడు నూరు ప్రశ్నలు అడిగేదాన్ని, ప్రాణం విషయంలో ఒక్కటీ అడగలేదు.

మీరు చెప్పినట్టే మార్పు చేసినవన్నీ ఒక గోనెసంచిలో పెట్టి బస్సులో వేశాను. వాటిలో చేపల బేరగాడి జాకెట్టు, లెక్కల టీచరుది, ఐసుఫ్రూట్ల పడవవాళ్ళ ఇద్దరివీ, మంగలి షాపు తండ్రీకొడుకులవీ, ఇంకా ఎవరెవరివో ఉన్నాయి. నాది చూసి ముచ్చటపడి అందరూ వరస కట్టారు బాబూ. నేనెవరినీ రమ్మని పిలవలేదు. టీచరు గారైతే మెడకి అంచు కూడా వేయించుకుంది.

పలకలన్నీ మాత్రం దొరకలేదు. కొన్ని మంగలి షాపులో కుర్చీల కిందకి చేరాయి. టీచరు గారి కిటికీలో గాలి రాకుండా ఒకటి దోపారు. నేనే ఒకదానికి సూదులు గుచ్చుకుంటున్నాను.

ఇక పోస్టుమాస్టరు గారి ప్యాంటు కూడా సంచిలో ఉంది. నడుము వదులు చేశాను. మార్పు చేసినవి ఇతరములు ఏవైనా అన్నారు కదా, మీ మాట ఎందుకు కాదనాలని పెట్టాను. ఆయన రెండే ప్యాంట్లున్న మనిషి. త్వరగా చూసి పంపెయ్యండి.

నేను మా అక్క దగ్గరికి వెళ్ళి రెండు ఆదివారాలైంది. ఆ అనుమతి సంగతి కాస్త చూడండి.

మీ విధేయురాలు,
మిషను పిన్ని

తా.క. సంచి అడుగున మీ విభాగం ముద్ర ఉన్న జాకెట్టు ఒకటి ఉంది. అది మీ గస్తీ పడవ డ్రైవరుది. ఫోను పెట్టుకోవడానికి జేబు కావాలన్నాడు. తన పేరు ఎక్కడా చెప్పొద్దని బతిమాలాడు. నేను పేరు చెప్పలేదని గమనించగలరు.


పిన్ని గారికి,

విషయం: గోనెసంచి.

సంచి విప్పినాము. పోస్టుమాస్టరు గారి ప్యాంటు ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపుచున్నాము. అది జలాశయ భద్రతకు సంబంధించినది కాదని పరిశీలనలో తేలినది.

మిగిలినవి ఒక్కొక్కటే లెక్కపెట్టినాను. ఈ నీటి మీద తిరుగు పడవల్లో సగం మంది సంచులు తొడుక్కుని తిరుగుచున్నారు, మా గస్తీ వాడితో సహా. పేరు చెప్పని సదరు డ్రైవరుకు మెమో ఇవ్వడమైనది. ఈ నీటి మీద పడవలన్నీ నేటి నుండి నిలుపుదల.

పిన్ని గారూ, దయచేసి కుట్టు ఆపి వినండి. మీరు అడిగిన డ్రమ్ముల సంగతి ఇదే. వాటి అవతల, నీటి అడుగున, గదంత వెడల్పున గొట్టాలున్నాయి. కరెంటు కావాల్సినప్పుడల్లా తలుపులెత్తుతారు, నీళ్ళు గొట్టాల్లోంచి దూకి టర్బైన్లు తిప్పుతాయి. మీ రెండు మెట్లూ దిగి వెళ్ళేది అటే. అందరూ సాయంత్రం దీపాలు వేసుకుంటారు కాబట్టి సాయంత్రం దిగుతాయి. అప్పుడు డ్రమ్ముల దగ్గర పైకి ఏమీ కనబడదు, అడుగున మాత్రం లాగేస్తుంది. అక్కడ పడినవాడు మా పడవ వచ్చేదాకా తేలి ఉండాలి. సంచి వేసుకున్నవాడు ఉండడు.

ఇకపై అనుమతి కావాలంటే తేలే పరీక్ష తప్పదు. జాకెట్టు తొడుక్కుని, రేవు దగ్గర నా ఎదుట నీళ్ళలో దిగి, తేలి చూపించాలి. ముందుగా మీ దగ్గరి బంధువు వివరాలు పంపండి, వారికి తెలియజేయుట నిబంధన.

ఇట్లు,
భద్రతాధికారి

తా.క. డ్రైవరు జాకెట్టును పరిశీలన నిమిత్తం ఒకసారి తొడుక్కున్నాను. భుజాలు భలే కూర్చున్నాయి. ఇది మెచ్చుకోలు కాదు, పరిశీలన. ఇంతకీ ఆ జేబు పైకి కుట్టు కనబడకుండా ఎలా వేశారు?


ఆఫీసరు బాబుకి,

మిషను పిన్ని ఆశీస్సులు. జేబు సంగతి అడిగారంటే మీరు ఇక నాకు పరాయివాళ్ళు కారు. జేబుని తలకిందులుగా పెట్టి లోపలి వైపు నుంచి కుట్టి, తర్వాత మడవాలి. ఎప్పుడైనా ఇటొస్తే నేర్పుతాను, పెద్ద విద్యేం కాదు.

డ్రమ్ముల సంగతి మా వీధిలో అందరికీ చదివి వినిపించాను. ఐసుఫ్రూట్ల అబ్బాయి మొహం పాలిపోయింది. వాడు ఆనకట్ట నీడ కోసం రోజూ ఆ డ్రమ్ముకే పడవ కట్టుకుని నిద్రపోతాడట. ఇక కట్టనని ఒట్టేశాడు. నేనైతే ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నీళ్ళు దిగడం చూశాను. ఒక మెట్టు బయటపడగానే, ఇప్పుడు ఎవరో వంటింట్లో దీపం వేశారు అనుకున్నాను. ఇన్నేళ్ళుగా చూస్తున్న నీళ్ళే, కొత్తగా అనిపించాయి.

ఇప్పుడు నా బాధ చెప్తాను. తెడ్లు ఎంతసేపైనా వేస్తాను గాని, నేను చీలమండ దాటి నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. నన్ను దిగమంటున్నారు. నీళ్ళలో దిగడమంటే నాకు భయం. అయినా దిగుతాను, ఎందుకంటే దిగకపోతే మా అక్కని చూడలేను.

మీరు కొత్తగా వచ్చినవారు, మీకు తెలియదు. ఈ నీళ్ళు రాకముందు మా అక్క ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క వీధే ఉండేది. పొయ్యి మీద టీ పెట్టి వెళ్ళి, కబుర్లు చెప్పి, పొంగేలోపు వచ్చేదాన్ని. ఆనకట్ట కట్టాక ఆ వీధంతా, అక్క ఇల్లుతో సహా, అడుగుకి పోయింది. అక్కకి అవతలి ఒడ్డున స్థలమిచ్చారు, నాకు ఇవతల. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్తే పూటంతా బస్సులోనే. పడవ ఎక్కమంటే అక్క ఎక్కదు. నా వంటిల్లు మీద పడవలో తిరగమంటావా అని మొహం తిప్పుకుంటుంది. నీళ్ళ వైపు ఉన్న కిటికీ కూడా తెరవదు. అందుకని ఇన్నేళ్ళూ నేనే వెళ్తున్నాను. నేను కూడా వెళ్ళకపోతే మేమిద్దరం బతికుండగానే దూరమైపోతాం బాబూ.

దగ్గరి బంధువు ఆవిడే. చిరునామా వెనక రాశాను. వివరంగా రాయండి, ఆవిడకి ఊరికే కంగారు.

మీ పిన్ని

తా.క. మళ్ళీ ఒక సందేహం. అది కరెంటు పుట్టే నీళ్ళు కదా, దిగితే షాకు కొట్టదు కదా? రబ్బరు చెప్పులు వేసుకుని దిగమంటారా?


పిన్ని గారికి,

షాకు కొట్టదు. కరెంటు నీళ్ళలో ఉండదు, నీళ్ళు తిప్పే యంత్రంలో పుడుతుంది. చెప్పులు గట్టు మీదే వదలండి.

మీ అక్కగారి సంగతి చదివాను. మ్యాపులో ఆ చోటు వెతికాను. మా మ్యాపులో అక్కడ లోతు తప్ప ఏమీ రాయలేదు. వీధి పేరైనా లేదు. వచ్చినప్పటి నుంచీ నేను కాపలా కాస్తున్నది ఉత్త నీళ్ళకే అనుకున్నాను.

మీరు భయపడకండి. రేవు దగ్గర నీళ్ళు మెడ దాకా వస్తాయి, కొత్త జాకెట్టు మీ కొలతకి తెప్పించాను. పక్కనే డ్రైవరు కొక్కెం కర్ర పట్టుకుని ఉంటాడు. నేను మీ చెయ్యి పట్టుకుని దింపుతాను. గురువారం పది గంటలకి రండి. పత్రికలవాళ్ళని కూడా పిలిచాను, జాకెట్ల సంగతి నలుగురికీ తెలియాలి.

మీరు కోరినట్టే అక్కగారికి వివరంగా తెలియజేశాను. ఆవిడ కంగారు పడకుండా నేనే స్వయంగా రాశాను. నకలు మీ కోసం:

“సదరు మీ చెల్లెలు వచ్చే గురువారం ఉదయం పది గంటలకు, రేవు వద్ద, సిబ్బంది మరియు పత్రికల వారి సమక్షంలో నీటిలో దింపబడును. ఆమె చెప్పులు, ఇతర వస్తువులు గట్టుపై భద్రపరచి మీకు అందజేయబడును. అభ్యంతరములున్నచో స్వయంగా హాజరు కావలెను. హాజరు కానిచో సమ్మతించినట్లు భావించబడును.”

ఇంత స్పష్టంగా రాశాక కంగారుకి తావుండదనుకుంటాను.

ఇట్లు,
భద్రతాధికారి

తా.క. జేబు ప్రయత్నించాను. చొక్కాకి కుట్టబోయి ప్యాంటుతో కలిపి కుట్టేశాను. రెండూ తొడుక్కునే ఉన్నాను.


బాబుకి,

పిన్ని అనేక ఆశీస్సులు. జలుబు తగ్గిందా? గొంతు పూర్తిగా పోయిందని డ్రైవరు చెప్పాడు. అందుకే ఈల ఉండేది, గుర్తు చెయ్యక్కర్లేదనుకుంటాను.

గురువారం మీరు నీళ్ళలో ఉన్నంతసేపూ గట్టు మీద ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను. అంతకు ముందుది మీకు తెలుసు. నేను కళ్ళు మూసుకుని మెట్టు మీద నిలబడ్డాను, మీరు నా చెయ్యి పట్టుకుని, భయం లేదు పిన్ని గారూ, ఒక్క అడుగు అంటున్నారు. ఫొటోలవాళ్ళు కెమెరాలు పైకెత్తారు. అప్పుడే చేపల బేరగాడి పడవ రేవుకి తగిలింది. వాడి మీద మీ నిషేధం ఉన్నా, ఆ ఉదయం పడవ ఎక్కిన మనిషికి ఎదురుచెప్పే ఓపిక వాడికి లేకపోయిందట. పడవలోంచి మా అక్క దిగింది.

నేను ముందు నమ్మలేదు. అక్క, పడవలోంచి! ఒక చేతిలో మీ ఉత్తరం, ఇంకో చేతిలో గొడుగు. మెట్లెక్కి వచ్చి ఒక్కటే మాట అంది.

“హాజరయ్యాను. అభ్యంతరం ఉంది.”

అని మిమ్మల్ని రెండు చేతులతో మెట్ల పక్కనున్న లోతులోకి తోసేసింది. ఆవిడ తప్పేమీ లేదు బాబూ. ఆ ఉత్తరం చదివితే మీరు నన్ను ముంచి, చెప్పులు ఆవిడ చేతిలో పెడతారనే ఎవరికైనా అనిపిస్తుంది. రాత్రంతా కళ్ళు మూయలేదట.

మీకు ఈత వచ్చనే అందరం అనుకున్నాం. ఆపైన మీరు జాకెట్టు కూడా వేసుకున్నారు కదా అని డ్రైవరు తొందరపడలేదు. కానీ మీరు వేసుకున్నది నేను పలకలు తీసినది! ఫొటోలో భుజాలు బాగా కనబడతాయని వేసుకున్నారని మీ గుమాస్తా తర్వాత చెప్పాడు. మీరు బుడుంగుమన్నారు, టోపీ ఒక్కటే తేలింది. నా కుట్టు నేను గుర్తుపట్టలేనా? ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, దూకేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, షాకు కొట్టలేదు. జాకెట్టు నన్ను బెండులా పైకి లేపింది. మీ కాలరు దొరకబుచ్చుకుని, నోట్లో ఈల పెట్టుకుని ఊదుతూనే ఉన్నాను. డ్రైవరు కొక్కెం వేసి ఇద్దరినీ ఒకే లాగుడు లాగాడు. మీకు దగ్గు ఆగేసరికి అక్క తన పైట కొంగుతో నా తల తుడుస్తోంది, మిమ్మల్ని తిడుతోంది, రెండూ ఒకేసారి.

చేపల బేరగాడు సాయంత్రం వచ్చి అసలు సంగతి చెప్పాడు. వచ్చేటప్పుడు నడి నీళ్ళలో అక్క పడవ ఆపమందట. ఇక్కడే నా వంటిల్లు అందట. పడవ అంచు పట్టుకుని ఒంగి చాలాసేపు చూసిందట. వాడికి భయమేసి, ఏం కనబడుతోందమ్మా అని అడిగాడు.

“ఏమీ కనబడటం లేదురా. ఇన్నేళ్ళూ దీనికా నేను కిటికీ మూసుకున్నది?” అందట.

ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. అక్క లోపలి గదిలో ఉంది కాబట్టి మిషను గట్టిగా తొక్కుతూ ఏడ్చాను. ఇన్నేళ్ళుగా నేను ఎంత బతిమాలినా ఎక్కని మనిషి, నన్ను ముంచుతారనగానే ఎక్కింది.

మీరు మంచం మీద నుంచే సంతకం పెట్టి పంపిన అనుమతి నిన్న అందింది. పరీక్ష నెగ్గినట్టు రాశారు, సంతోషం. కానీ దాన్ని వెనక్కి పంపుతున్నాను. నాకిక అక్కర్లేదు. ఇన్నేళ్ళూ నువ్వొచ్చావు, ఇక ఆదివారాలు నేనే వస్తాను అంటోంది అక్క. నా పడవ కూడా తనదేనట. నిన్న పొద్దున్నుంచీ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చీపురుతో తెడ్డు వెయ్యడం నేర్చుకుంటోంది. కాబట్టి అనుమతి ఆవిడ పేరు మీద మార్చి, మీ ఒళ్ళు కుదుటపడ్డాక పరీక్ష తేదీ చెప్పండి. ఆవిడ కొలతలు వెనక రాశాను. దయచేసి పలకలు ఉన్నదే పంపండి, నేను ముట్టుకోను.

మీ పిన్ని

తా.క. నిబంధన ప్రకారం ఆవిడకి దగ్గరి బంధువుని నేనే. నాకు రావాల్సిన ఉత్తరం మాత్రం మీ గుమాస్తా చేత రాయించండి. మీది చదివితే ఈసారి నేను తోస్తాను.